మ్యాపు మీద గీసిన ఆకారాల రూపు మార్చడం: ప్రాజెక్టు డైరీ

వెబ్ మ్యాపు మీద మూడు రకాల ఆకారాలు ఉన్నాయి: ఒకదానికొకటి ఆనుకుని ఉన్న జోన్లు 24, దారులు 9, పరిధి చూపే వృత్తాలు 6. మొత్తం 39. అన్నీ ఒకే నీలం రంగులో, ఒకే మందంలో ఉండేవి. ఏది జోనో ఏది పరిధో చూడగానే తెలియాలి. జూమ్ ఎంత ఉన్నా గీత కనబడాలి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్ళకూ అర్థం కావాలి. సేవ్ చేసి మళ్ళీ తెరిస్తే రూపు పోకూడదు. ఈ నాలుగు షరతులూ తీరేవరకూ జరిగిన పని ఇక్కడ రాసి పెడుతున్నాను. ఇలాంటిదే చేసేవాళ్ళు నేరుగా తమకు కావలసిన దశకు వెళ్ళవచ్చు.

వాడిన సరంజామా: వెబ్ మ్యాపులు తయారుచేసే లైబ్రరీ లీఫ్‌లెట్ 1.9.4, గీయడానికి దాని ప్లగిన్ లీఫ్‌లెట్ డ్రా, కింద ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మామూలు టైల్స్ (మ్యాపు బొమ్మ ముక్కలు), సరిహద్దులు విడదీయడానికి టోపోజేసన్ అనే ఫైలు రకం, రంగులు కొలవడానికి బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో ఉండే కలర్ పికర్.

చాలా దశల చివర "పాత్ లెక్క" ఇస్తాను. ఎస్‌వీజీలో (వెబ్ పేజీలో బొమ్మలను గీతలుగా గీసే పద్ధతి) ప్రతి గీతా పేజీలో ఒక పాత్ ఎలిమెంట్ అవుతుంది. రూపు కోసం గీతలు పెంచుకుంటూ పోతే ఫోన్లలో మ్యాపు కదలడం బరువెక్కుతుంది. అందుకే లెక్క.

దశ 1: ముందే ఉన్న విలువలు రాసుకోవడం

ఏదైనా మార్చేముందు, ఏమీ చెప్పకపోతే లీఫ్‌లెట్ ఏం ఇస్తుందో రాసుకున్నాను:

1. అంచు రంగు: ఆర్‌జీబీ 51, 136, 255. మందం 3 పిక్సెళ్ళు. అంచు ఒపాసిటీ (రంగు ఎంత నిండుగా ఉందో 0 నుంచి 1 వరకు చెప్పే అంకె) 1.
2. నింపు రంగు: విడిగా చెప్పకపోతే అంచు రంగే. నింపు ఒపాసిటీ 0.2.
3. గీత కొసలు, మలుపులు రెండూ గుండ్రం.

లీఫ్‌లెట్ డ్రాతో అప్పటికప్పుడు గీసిన పాలిగన్ మాత్రం వేరుగా కనబడింది. ఆ ప్లగిన్‌కు సొంత విలువలున్నాయి: మందం 4, అంచు ఒపాసిటీ 0.5. అంటే ఇప్పుడే గీసిన జోన్, ఫైలు నుంచి వచ్చిన జోన్ పక్కపక్కన ఉంటే రెండూ రెండు రకాల వస్తువుల్లా ఉంటాయి. చూసేవాళ్ళు ఆ తేడాకు ఏదో అర్థం ఉందనే అనుకుంటారు.

ఇక్కడే ఒక నిర్ణయం తీసుకున్నాను. ఏ ఆకారానికీ విడిగా రంగు, మందం రాయను. ఒకే ఒక స్టైల్ ఫంక్షన్ ఉంటుంది. ఆకారం రకం, ప్రస్తుత జూమ్, అది ఎంపికలో ఉందా లేదా అన్నవి దానికి ఇస్తే రూపు తిరిగి ఇస్తుంది. గీసే ప్లగిన్ అయినా, ఫైలు లోడర్ అయినా, మౌస్ కదలిక అయినా ఆ ఫంక్షన్‌నే అడగాలి. తర్వాతి దశల్లో దాదాపు ప్రతి చిక్కూ ఈ నియమం ఎక్కడ తప్పిందో అక్కడే వచ్చింది.

పాత్ లెక్క: 39.

దశ 2: రంగు, కొలతతో

కంటికి బాగుందనిపించిన రంగు పక్కవాళ్ళ స్క్రీన్ మీద, ఎండలో ఫోన్ మీద బాగుండకపోవచ్చు. కాబట్టి కాంట్రాస్ట్ లెక్క వేశాను. వెబ్ అందుబాటు ప్రమాణం (డబ్ల్యూసీఏజీ 2.1) బొమ్మల్లోని ముఖ్యమైన భాగాలకు పక్క రంగుతో కనీసం 3:1 కాంట్రాస్ట్ అడుగుతుంది. లెక్క కష్టమేమీ కాదు. రెండు రంగుల ప్రకాశం విలువలకూ 0.05 చొప్పున కలిపి, పెద్దదాన్ని చిన్నదానితో భాగించాలి.

డిఫాల్ట్ నీలానికి వచ్చిన ఫలితాలు:

- మామూలు నేల రంగు (242, 239, 233) మీద: 3.0
- నీటి రంగు (170, 211, 223) మీద: 2.1
- అడవి రంగు (173, 209, 158) మీద: 2.0

నేల మీద హద్దులో ఉంది. చెరువు దాటే దారి, అడవి అంచు వెంట పోయే జోన్ సరిహద్దు రెండూ తప్పాయి. ఫిర్యాదులు వచ్చినవి కూడా సరిగ్గా ఈ రెండు చోట్లే.

కొత్త రంగులకు జపాన్ శాస్త్రవేత్తలు మసతాకా ఒకాబే, కేయ్ ఇతో తయారుచేసిన పాలెట్ తీసుకున్నాను. రంగులు గుర్తించడంలో ఇబ్బంది ఉన్నవాళ్ళకు కూడా తేడా తెలిసేలా కూర్చిన ఎనిమిది రంగులవి, నలుపుతో కలిపి. ఉత్తర ఐరోపా మూలాలున్న పురుషుల్లో సుమారు 8 శాతం మందికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. ఎరుపు ఆపండి, ఆకుపచ్చ వెళ్ళండి అనే పద్ధతి మ్యాపుల్లో ఎందుకు పనికిరాదో ఈ ఒక్క అంకె చెబుతుంది.

పాలెట్ మంచిదే. కానీ అది కూడా ఈ బేస్ మ్యాపు మీద నేరుగా నెగ్గలేదు. ముదురు నీలం (0, 114, 178) నీటి మీద 3.2, అడవి మీద 3.1తో గట్టెక్కింది. సిందూరం (213, 94, 0) నీటి మీద 2.4, అడవి మీద 2.3 దగ్గరే ఆగింది. రంగును ఇంకా ముదురు చేస్తే కాంట్రాస్ట్ వస్తుంది, కానీ పాలెట్‌లో రంగుల మధ్య తేడా చెడుతుంది. ఒకటి దిద్దబోతే ఇంకొకటి పోతుంది.

మార్పు: రంగు జోలికి పోకుండా, గీత కింద ఇంకో వెడల్పాటి తెల్ల గీత వేశాను. దీన్ని అడుగు గీత అంటాను. అప్పుడు రంగు గీతకు పక్కన ఉండేది నీరూ అడవీ కాదు, ఎప్పుడూ తెలుపే. తెలుపు మీద పాలెట్ కొలతలు:

1. ముదురు నీలం (0, 114, 178): 5.2
2. సిందూరం (213, 94, 0): 3.9
3. నీలి ఆకుపచ్చ (0, 158, 115): 3.4
4. గులాబీ ఊదా (204, 121, 167): 3.1
5. నారింజ (230, 159, 0): 2.3, తప్పింది

పసుపు, లేత నీలం కూడా 3 చేరవు కాబట్టి వాటినీ పక్కన పెట్టాను. నలుపు రోడ్ల పేర్లతో కలిసిపోతుంది. మిగిలినవి 4 రంగులు. క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో రెండరింగ్ ట్యాబ్ తెరిస్తే చూపు లోపాలను అనుకరించే ఎంపిక ఉంటుంది. నాలుగు రంగులనూ అందులో పెట్టి చూసి ఖాయం చేశాను. మూడు రకాల ఆకారాలకు నాలుగు రంగులు చాలు. ఐదో రంగు కావాలనిపిస్తే రంగుకు బదులు గీత రకం మార్చాలన్నది నా పద్ధతి.

ఇప్పటికి ఖాయమైనవి: రంగులు 4, స్టైల్ ఫంక్షన్ 1.

దశ 3: పేన్లు, లేదా ఏది ఎవరి మీద

అడుగు గీతను అదే లేయర్‌లో వేస్తే కొత్త చిక్కు వచ్చింది. పక్క జోన్ తాలూకు తెల్ల గీత వచ్చి ఈ జోన్ రంగు గీత మీద పడుతోంది. గీసిన వరసలో తర్వాత వచ్చిందే పైన ఉంటుంది కాబట్టి సరిహద్దులు అక్కడక్కడ సగానికి కోసినట్టు కనబడ్డాయి.

లీఫ్‌లెట్‌లో మామూలుగా ఆకారాలన్నీ ఓవర్‌లే పేన్ అనే ఒక పొరలో పడతాయి, దాని జెడ్ ఇండెక్స్ (ఈ అంకె ఎక్కువ ఉన్నదే పైన) 400. మార్కర్ల నీడలు 500, మార్కర్లు 600, టూల్‌టిప్‌లు 650, పాపప్‌లు 700. మధ్యలో ఖాళీ జాగా ఉంది. అక్కడ సొంత పేన్లు పెట్టాను:

1. 410: నింపు రంగులు
2. 415: చారలు
3. 420: అడుగు గీతలు
4. 430: రంగు గీతలు
5. 440: వేలికి తగిలే కనబడని గీతలు

ప్రతి జోన్‌నూ మూడు పొరలుగా విడదీశాను: నింపు, అడుగు గీత, రంగు గీత. వృత్తాలూ అంతే. దారులకు నింపు లేదు కాబట్టి రెండే.

పాత్ లెక్క: జోన్లు 72, దారులు 18, వృత్తాలు 18. మొత్తం 108. మూడు రెట్లకు దగ్గరపడింది. ఇది తగ్గాలని గుర్తు పెట్టుకున్నాను.

దశ 4: నింపు ఒపాసిటీ చెప్పే అబద్ధం

ఈ దశలో ఎక్కువసేపు ఆగాను, ఎందుకంటే ఇది అందం సమస్య కాదు. మ్యాపు తప్పుడు సమాచారం ఇస్తుంది.

ఒపాసిటీ 0.2 ఉన్న రెండు ఆకారాలు ఒకదాని మీద ఒకటి పడితే అక్కడ 0.36 అవుతుంది. మూడు పడితే 0.49. ఐదు పడితే 0.67. మధ్యలో ముదురుగా కనబడే ఆ ముక్క చూసి "ఇక్కడ ఏదో ఎక్కువగా ఉంది" అనుకోవడం సహజం. జనసాంద్రతో, ప్రమాదమో, ఏదో ఒకటి ఊహించుకుంటారు. నిజానికి అక్కడున్నది ఆకారాలు కలవడం మాత్రమే. పైగా కింద ఉన్న ఊర్ల పేర్లు చదవడానికి వీల్లేకుండా పోతాయి.

మొదట ఒపాసిటీని 0.12కు తగ్గించాను. ఐదు కలిసిన చోట 0.47 వచ్చింది. ఒంటరి జోన్ మాత్రం రంగు ఉందా లేదా అన్నట్టు తయారైంది. తగ్గించడం వల్ల సమస్య చిన్నదైంది గానీ పోలేదు.

పనిచేసిన పద్ధతి:

1. నింపు పేన్‌లో ప్రతి ఆకారానికీ నింపు ఒపాసిటీ 1 ఇవ్వాలి, అంటే పూర్తి రంగు.
2. ఒపాసిటీని ఆకారానికి కాక పేన్ మొత్తానికి సీఎస్ఎస్‌లో (పేజీ రూపు రాసే భాష) 0.25గా పెట్టాలి.
3. బ్రౌజర్ ముందు పేన్ అంతా పూర్తి రంగుతో గీసి, ఆ తర్వాత ఒక్కసారిగా పలచన చేస్తుంది. ఎన్ని కలిసినా 0.25 దాటదు.

దీనికొక ఖరీదు ఉంది. పేన్ లోపల పైన ఉన్న ఆకారం కింద ఉన్నదాన్ని పూర్తిగా మూసేస్తుంది. జోన్ల మీద వృత్తాన్ని అదే పేన్‌లో వేస్తే వృత్తం లోపల జోన్ రంగు కనబడదు. అందుకే వృత్తాలకు రంగు నింపు తీసేసి చారలకు వెళ్ళాను.

ఆకారాలు కలవడమే మీరు చూపదలచుకున్న విషయమైతే, ఉదాహరణకు ఎన్ని టవర్ల పరిధి ఒకచోట కలుస్తుందో చూపాలంటే, ఈ పద్ధతి వద్దు. అక్కడ ముదురు రంగే సమాచారం. అప్పుడు ఒపాసిటీని ఆకారానికే ఉంచి, ఎంత ముదురుకు ఎన్ని పొరలో పక్కన సూచిక పెట్టండి.

దశ 5: వృత్తాలకు చారలు

ఎస్‌వీజీలో ప్యాటర్న్ అనే ఎలిమెంట్ ఉంది. 8 పిక్సెళ్ళకు ఒక ఏటవాలు గీత చొప్పున చిన్న ప్యాటర్న్ తయారుచేసి, దానికి ఒక ఐడీ ఇచ్చి, నింపు రంగు దగ్గర రంగుకు బదులు ఆ ఐడీని సూచిస్తే చాలు. లీఫ్‌లెట్ ఆ విలువను ఉన్నదున్నట్టు పాత్‌కు రాసేస్తుంది.

మొదటి ఫలితం వింతగా ఉంది. చారలు రాలేదు సరికదా, కొన్ని వృత్తాలు నీలంగా, కొన్ని సిందూరంగా నిండాయి. మ్యాపు జరిపితే ఆ రంగులు కూడా మారుతున్నాయి. కారణం, వేగం కోసం మ్యాపుకు "ప్రిఫర్ క్యాన్వాస్" అని పెట్టి ఉంది. క్యాన్వాస్ అంటే ఆకారాలన్నిటినీ ఒకే బొమ్మగా గీసే ఇంకో పద్ధతి, దానికి ఎస్‌వీజీ ప్యాటర్న్ అర్థం కాదు. అర్థం కాని రంగు విలువ ఇస్తే అది ఎర్రర్ చూపదు, ఆ విలువను పట్టించుకోదు, అంతకుముందు గీసిన ఆకారం రంగునే వాడేస్తుంది. కాబట్టి కన్సోల్‌లో ఏమీ కనబడదు. రంగులు తోచినట్టు మారుతుంటే ముందు రెండరర్ (గీసే పద్ధతి) ఏదో చూడండి.

మార్పు: ఎస్‌వీజీకి తిరిగి వచ్చాను. 39 ఆకారాలకు క్యాన్వాస్ అవసరం లేదు. వేల ఆకారాలు ఉంటే అవసరం పడుతుంది, అప్పుడు చారల ఆశ వదులుకుని గీత రకంతో సరిపెట్టుకోవాలి.

క్యాన్వాస్‌లో ఉండగా కనబడిన ఇంకో విషయం: పేన్‌కొక క్యాన్వాస్ తయారవుతుంది, పైన ఉన్న క్యాన్వాస్ మౌస్ క్లిక్కులన్నీ తానే తీసుకుంటుంది. కింది పేన్‌లోని జోన్లు నొక్కితే పలకవు. క్లిక్ అవసరం లేని పేన్లకు సీఎస్ఎస్‌లో పాయింటర్ ఈవెంట్స్ "నన్" అని పెడితే క్లిక్ కిందికి పోతుంది. ఎస్‌వీజీలో ఈ బాధ లేదు. అక్కడ గీత ఉన్నచోటే క్లిక్ ఆగుతుంది, ఖాళీలోంచి కిందికి పోతుంది.

చారల మందం 1.5 పిక్సెళ్ళు, మధ్య దూరం 8. దూరం 5కు తగ్గిస్తే కింది పేర్లు చదవలేం. 12కు పెంచితే చిన్న వృత్తాల్లో రెండు మూడు చారలే పడి, అవి రోడ్లలా కనబడతాయి.

పాత్ లెక్క: 108. వృత్తాల నింపు పాత్‌లు చారల పేన్‌కు మారాయి, అంతే.

దశ 6: ఆనుకున్న సరిహద్దులు

రెండు జోన్ల మధ్య సరిహద్దు రెండుసార్లు గీయబడుతుంది, ఒకసారి ఈ జోన్ తరఫున, ఇంకోసారి ఆ జోన్ తరఫున. నిండు గీత అయితే తెలియదు. తునకల గీత వేయగానే బయటపడింది. ఒక జోన్ గీత ఒక చోట మొదలై ఒక దిశలో పోతుంది, పక్క జోన్‌ది ఇంకో చోట మొదలై ఎదురు దిశలో వస్తుంది. దీని ఖాళీల్లో దాని తునకలు పడి, లోపలి సరిహద్దులు నిండు గీతలుగా, బయటి సరిహద్దు మాత్రం తునకలుగా వచ్చింది.

ఇంకొకటి, జోన్ల మధ్య అక్కడక్కడ సన్నటి చీలికలు. వీటికి రెండు కారణాలున్నాయి, రెండింటికీ మందు వేరు.

మొదటిది స్మూత్ ఫ్యాక్టర్. లీఫ్‌లెట్ వేగం కోసం ప్రతి జూమ్‌లోనూ గీతలో అక్కరలేని బిందువులు తీసేస్తుంది, దాని డిఫాల్ట్ 1. ప్రతి పాలిగన్‌నూ విడిగా సరళం చేస్తుంది కాబట్టి ఒకే సరిహద్దు రెండు వైపులా రెండు రకాలుగా తయారవుతుంది. నింపు పేన్‌లోని జోన్లకు దాన్ని 0 చేశాను.

రెండోది యాంటీ అలియాసింగ్, అంటే అంచు నునుపుగా కనబడేలా అక్కడి పిక్సెళ్ళను పాక్షికంగా నింపడం. అంచు పిక్సెల్‌ను రెండు జోన్లూ సగం సగం నింపితే కింది రంగు కొంచెం తొంగి చూస్తుంది. నింపుకు అదే రంగులో 1 పిక్సెల్ అంచు వేస్తే మూసుకుపోతుంది. ఒపాసిటీ పేన్‌కు ఉంది కాబట్టి ఈ అంచు కలిసినచోట ముదురు కాదు. దశ 4లో చేసిన పని ఇక్కడ అక్కరకొచ్చింది.

సరిహద్దులు విడదీయడం:

1. జియోజేసన్ (మ్యాపు ఆకారాలు దాచే మామూలు రకం) ఫైలును టోపోజేసన్‌గా మార్చాలి. రెండు జోన్లకూ చెందిన సరిహద్దును అది ఒకే చాపంగా దాచుకుంటుంది.
2. "మెష్" అనే ఫంక్షన్‌తో రెండు వైపులా వేరువేరు జోన్లున్న చాపాలు తీయాలి. ఇవి లోపలి సరిహద్దులు.
3. రెండు వైపులా ఒకే జోన్ వచ్చే చాపాలు తీయాలి. ఇవి బయటి సరిహద్దు.
4. జోన్ల అంచు గీతలు మొత్తం తీసేసి, ఈ రెండు గీతలే గీయాలి.

ఇందులో చూసుకోవలసినవి రెండున్నాయి. పక్క జోన్ల ఫైల్లో సరిహద్దు బిందువులు అంకెతో సహా ఒకేలా ఉండాలి. చివరి దశాంశంలో తేడా ఉన్నా టోపోజేసన్ వాటిని ఒకటిగా గుర్తించదు, ఆ ముక్క బయటి సరిహద్దుగా వచ్చేస్తుంది. ఇక ఫైలు చిన్నది కావాలని క్వాంటైజేషన్ పెడితే బిందువులు ఒక గడికి సర్దుకుంటాయి. 20 కిలోమీటర్ల వెడల్పును 10,000 గడులు చేస్తే గడి 2 మీటర్లు, అంటే ఒక్కో బిందువు అడ్డంగా 1 మీటరు దాకా జరగవచ్చు. భూమధ్యరేఖ దగ్గర జూమ్ 18లో పిక్సెల్‌కు 0.6 మీటర్లు. గీత 1.7 పిక్సెళ్ళు పక్కకు పోయి, నింపు దాని బయటికి పొడుచుకొచ్చింది. 1,00,000 గడులు చేసి, నింపు పాలిగన్లను కూడా అదే టోపోజేసన్ నుంచి తీసుకుంటే రెండూ కలిశాయి.

పాత్ లెక్క: జోన్ల నింపు 24, సరిహద్దు గీతలు 2, వాటి అడుగు గీతలు 2. దారులు 18, వృత్తాలు 18. మొత్తం 64. దశ 3లో పెరిగినదాంట్లో చాలా భాగం తగ్గింది.

దశ 7: తునకల గీత కొలతలు

దారులకు 8 పిక్సెళ్ళ తునక, 6 పిక్సెళ్ళ ఖాళీ ఇచ్చాను. మందం 5 ఉన్నప్పుడు నిండు గీతలా కనబడింది. డిఫాల్ట్‌గా గీత కొసలు గుండ్రం. గుండ్రటి కొస ప్రతి తునకకూ రెండు వైపులా సగం మందం చొప్పున కలుపుతుంది. తునక 13 అయింది, ఖాళీ 1 మిగిలింది. కొసను "బట్"గా (చదునుగా) మారిస్తే ఇచ్చిన కొలతే వస్తుంది.

చుక్కల గీత కావాలంటే మాత్రం గుండ్రటి కొసే ఉంచి, తునక 0, ఖాళీ మందానికి రెట్టింపు ఇవ్వండి. ప్రతి తునకా మందమంత వ్యాసం ఉన్న చుక్క అవుతుంది.

మందం మారినప్పుడల్లా తునకలు సరిచూసుకోనక్కర్లేకుండా, వాటిని మందానికి రెట్లుగా పెట్టాను. తునక 2.5 రెట్లు, ఖాళీ 2 రెట్లు. మందం 2 అయితే 5, 4. మందం 5 అయితే 12.5, 10. మ్యాప్‌లిబ్రే అనే ఇంకో మ్యాపు లైబ్రరీలో తునకలను పిక్సెళ్ళలో కాక గీత మందానికి రెట్లుగానే రాస్తారు, కాబట్టి రేపు అటు మారినా 2.5, 2 అని అలాగే పెట్టుకోవచ్చు. అక్కడ పాలిగన్ నింపుకు ఉండే అంచు గీత ఎప్పుడూ 1 పిక్సెలే, మందం పెంచే వీలు లేదు. అంచుకు వేరే లైన్ లేయర్ వేసుకోవాలి.

అడుగు గీతను తునకలు చేయకండి. అది నిండుగా ఉంటే ఖాళీలు తెల్లగా కనబడి దారి తెగిపోకుండా ఉంటుంది.

దశ 8: జూమ్‌తో మందం, వృత్తాల సైజు

గీత మందం పిక్సెళ్ళలో ఉంటుంది, ఆకారం నేల మీది కొలతలో ఉంటుంది. దూరం పోయేకొద్దీ ఆకారం చిన్నదై గీత అంతే ఉంటుంది, జోన్ అంతా అంచే అయిపోతుంది. ఖాయం చేసిన మందాలు:

- జూమ్ 9 వరకు: 1, అడుగు గీత 3
- 10 నుంచి 12: 2, అడుగు గీత 6
- 13 నుంచి 15: 3, అడుగు గీత 7
- 16 నుంచి: 5, అడుగు గీత 9

వృత్తాల్లో చిక్కు ఎక్కువ. లీఫ్‌లెట్‌లో సర్కిల్ వ్యాసార్ధం మీటర్లలో, సర్కిల్ మార్కర్ వ్యాసార్ధం పిక్సెళ్ళలో ఉంటుంది. పరిధి చూపాలంటే మొదటిదే సరైనది. కానీ 500 మీటర్ల వృత్తం భూమధ్యరేఖ దగ్గర జూమ్ 10లో 3.3 పిక్సెళ్ళ వ్యాసార్ధమే. అడుగు గీత మందమే 6, అది వృత్తాన్ని మింగేస్తుంది. జూమ్ 11లో 6.5, జూమ్ 12లో 13.

జూమ్ 12 కంటే తక్కువైతే మార్కర్‌గా మార్చేద్దామనుకున్నాను. అది ప్రతి చోటా సరిపోదు. ఈ మ్యాపులు వాడే వెబ్ మెర్కేటర్ పద్ధతిలో మ్యాపు ధ్రువాల వైపు పోయేకొద్దీ సాగుతుంది. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర అదే వృత్తం రెట్టింపు పిక్సెళ్ళు తీసుకుంటుంది. కాబట్టి జూమ్‌ను కాక పిక్సెళ్ళనే లెక్క వేయాలి:

1. 1,56,543ను అక్షాంశం కొసైన్‌తో గుణించి, 2 మీద జూమ్ ఘాతంతో భాగించాలి. పిక్సెల్‌కు ఎన్ని మీటర్లో వస్తుంది.
2. వ్యాసార్ధాన్ని దానితో భాగించాలి.
3. 8 పిక్సెళ్ళ కంటే తక్కువైతే 6 పిక్సెళ్ళ సర్కిల్ మార్కర్, చారలు లేకుండా. ఎక్కువైతే అసలు వృత్తం.

మార్కర్‌గా ఉన్నప్పుడు అది పరిధి కాదు, "ఇక్కడొకటి ఉంది" అన్న గుర్తు మాత్రమే. అందుకే చారలు తీసేశాను, రెండు రూపాలూ ఒకటి కాదని కంటికి తెలియాలి.

పాత్ లెక్క: 64, మార్పు లేదు.

దశ 9: మౌస్, వేలు

జోన్ మీదికో దారి మీదికో మౌస్ పోతే గీత మందమయ్యేలా పెట్టి, బయటికి రాగానే "రీసెట్ స్టైల్" పిలిచాను. జూమ్ 16లో ఉండగా మౌస్ తగిలిన దారులన్నీ సన్నబడిపోయాయి. జూమ్ మారినప్పుడు "సెట్ స్టైల్"తో కొత్త మందం వేస్తున్నాం కదా. రీసెట్ మాత్రం లేయర్ తయారైనప్పుడు ఇచ్చిన స్టైల్‌కే తీసుకెళుతుంది, మధ్యలో సెట్ చేసినవి దానికి తెలియవు. లేయర్ తయారీలో స్టైల్‌గా విలువలు కాకుండా ఫంక్షన్‌నే ఇచ్చి, జూమ్‌ను ఆ ఫంక్షన్ లోపలే మ్యాపును అడిగి తెలుసుకునేలా చేస్తే సర్దుకుంది. రీసెట్ ప్రతిసారీ ఆ ఫంక్షన్‌ను మళ్ళీ నడుపుతుంది.

జోన్లకు విడి అంచు గీతలు లేవు కాబట్టి, మౌస్ కింద ఉన్న జోన్ చుట్టూ మాత్రం అప్పటికప్పుడు ఒక గీత వేసి తీసేస్తున్నాను.

ఫోన్‌లో 3 పిక్సెళ్ళ దారిని వేలితో నొక్కడం కష్టం. డబ్ల్యూసీఏజీ 2.2 నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్ళు ఉండాలంటుంది. ప్రతి దారి మీదా 24 పిక్సెళ్ళ మందంతో, ఒపాసిటీ 0తో ఒక గీత వేశాను. ఎస్‌వీజీలో ఒపాసిటీ 0 అయినా క్లిక్ తగులుతుంది. గీతే లేదని చెబితే, అంటే స్ట్రోక్ ఆపేస్తే మాత్రం తగలదు. ఈ తేడా ముఖ్యం.

పాత్ లెక్క: 64 + 9 + 1 = 74.

దశ 10: సేవ్ చేయడం

జియోజేసన్ ప్రమాణంలో రంగుకు చోటు లేదు, వృత్తం అనే ఆకారమూ లేదు. లీఫ్‌లెట్ నుంచి ఎగుమతి చేస్తే వృత్తం ఒట్టి బిందువుగా వస్తుంది, వ్యాసార్ధం పోతుంది. రంగులన్నీ పోతాయి. ప్రాపర్టీస్‌లో మనం రాసుకున్నవే మిగులుతాయి.

అందులో ఏం రాయాలి? రంగు, మందం అన్నీ రాసేస్తే రేపు పాలెట్ మారిస్తే పాత ఫైళ్ళన్నీ పాత రంగులోనే ఉంటాయి. నేను రాసేవి: ఆకారం రకం, వృత్తమైతే వ్యాసార్ధం మీటర్లలో, వాడేవాళ్ళు కావాలని మార్చినవి ఏమైనా ఉంటే అవి మాత్రమే. మిగతాది తెరిచేటప్పుడు స్టైల్ ఫంక్షన్ చూసుకుంటుంది. మార్చినవాటికి మ్యాప్‌బాక్స్ కంపెనీ వాళ్ళ సింపుల్‌స్టైల్ (జియోజేసన్‌లో రంగు, మందం రాసే పద్ధతి) పేర్లు వాడాను, వాటిని చదవగల వేరే పరికరాలు కూడా ఉన్నాయి.

వాడేవాళ్ళు మార్చగలిగేవి: రంగు 4, మందం స్థాయి 3, గీత రకం 3. మొత్తం 36 కలయికలు. ఇష్టమైన రంగు ఏదైనా ఎంచుకునే కలర్ పికర్ పెట్టలేదు. దశ 2లో కొలిచిన కాంట్రాస్ట్ అంతా దాంతో పోతుంది.

కేఎంఎల్‌కు (గూగుల్ ఎర్త్ వాడే ఫైలు రకం) ఎగుమతి చేసేవాళ్ళకు ఒక జాగ్రత్త. అందులో రంగు వరస మామూలు వెబ్ రంగుకు తలకిందులు: ముందు పారదర్శకత, తర్వాత నీలం, ఆకుపచ్చ, చివర ఎరుపు. వరస మార్చకపోతే సిందూరం నీలంగా తెరుచుకుంటుంది.

దశ 11: చీకటి బేస్ మ్యాపు

నల్లటి బేస్ మ్యాపు మీద తెల్ల అడుగు గీత కళ్ళకు కొట్టేలా ఉంది, రంగు గీత కంటే అదే ముందు కనబడుతోంది. అడుగు గీతను నలుపు చేసి అవే నాలుగు రంగులు కొలిచాను:

1. ముదురు నీలం: 4.0
2. సిందూరం: 5.4
3. నీలి ఆకుపచ్చ: 6.1
4. గులాబీ ఊదా: 6.9

నాలుగూ 3 దాటాయి. రంగులు మార్చనక్కర్లేదు, అడుగు గీత ఒక్కటే మారాలి. స్టైల్ ఫంక్షన్‌కు జూమ్, రకం, ఎంపికతో పాటు "బేస్ మ్యాపు చీకటిదా" అన్న నాలుగో ప్రశ్న చేర్చాను. తెలుపు మీద వెనకబడిన గులాబీ ఊదా నలుపు మీద అందరికంటే ముందుంది, ముదురు నీలం వెనకబడింది. అందుకే ముఖ్యమైన దారులకు ఈ రెండూ కాక సిందూరం కేటాయించాను. రెండు రకాల మ్యాపుల మీదా అది చివరి స్థానానికి పడకుండా 3.9, 5.4తో నిలబడుతుంది. పాత్ లెక్క 74 దగ్గరే ఉంది.